మిస్సా, మిసెస్సా, మిజ్జా? షీల్డు మీద పేరు ముందు ఏం వేయాలి?

డీటీపీ కావలి | సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. కావలిలో మాది చిన్న డీటీపీ షాపు, పక్కనే నెట్ సెంటర్. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, బయోడేటాలు, వీసా ఫారాలు, టికెట్లు అన్నీ చేస్తాం. ఇప్పుడొక ఆర్డర్ దగ్గర ఇరుక్కున్నాం.

ఒక టీచరమ్మ ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. పెళ్లి చేసుకోలేదు. స్కూలు వాళ్లు సన్మానం పెట్టుకున్నారు, షీల్డు మీద ఇంగ్లీషులో పేరు కావాలన్నారు. కమిటీలో ఒకాయన "పెద్దావిడ కదా, మిసెస్ వేసెయ్, మర్యాదగా ఉంటుంది" అంటాడు. ఇంకొకాయన "పెళ్లి కాకుండా మిసెస్ ఏందయ్యా, మిస్ వెయ్" అంటాడు. ఆవిడ రెండూ విని, "ఆ రెండూ నాకొద్దు నాయనా, ఇంకోటేదో ఉందిగా, అది వెయ్యి" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ ఇంకోటి క్యాపిటల్ ఎం, చిన్న ఎస్ అని తెలుసు. కానీ దాని అర్థం ఏంటి, ఎవరికి వాడాలి, ఎట్టా పలకాలి? విదేశీ ఫారాల్లో అయితే ఎం-ఎక్స్ అని కూడా ఒకటి కనబడతా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి. శుక్రవారానికి షీల్డు ఇవ్వాలి.

గూడూరు నిమ్మకాయ | సోమవారం ఉదయం 10:31

పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లోనే గారు అని కొట్టెయ్ అన్నా. పెళ్లయిందా లేదా అని గారు ఎవరినీ అడగదు.

పెన్నా మాస్టారు | సోమవారం మధ్యాహ్నం 2:05

నిమ్మకాయ సరదాకి అన్నా మాట సరైనదే. అయితే కమిటీకి ఇంగ్లీషే కావాలంటున్నారు కాబట్టి, 30 ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

మిస్టర్ అనేది మాస్టర్ అన్న మాట నుంచి వచ్చింది. ఆడవాళ్ల బిరుదులు మూడూ, అంటే మిసెస్, మిస్, మిజ్, ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి మాట మిస్ట్రెస్. ఇల్లు, వ్యాపారం, పనివాళ్లు తన చేతిలో ఉన్న స్త్రీ అని దాని అసలు అర్థం. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో కూడా హోదా ఉన్న స్త్రీకి పెళ్లయినా కాకపోయినా మిసెస్ వాడేవాళ్లు. సొంత అంగడి నడిపే అవివాహిత కూడా మిసెస్సే. మిస్ అనేది మొదట్లో చిన్నపిల్లలకు. తర్వాతెప్పుడో ఎదిగిన అవివాహితలను కూడా మిస్ అనడం మొదలై, మిసెస్ పెళ్లయినవాళ్లకు మిగిలింది. అంటే మీ కమిటీలో మొదటాయన తెలియకుండానే పాత ఇంగ్లండు పద్ధతి చెప్పాడు! కానీ ఈ రోజుల్లో అది చెల్లదు, చదివినవాళ్లు ఆవిడకు పెళ్లయిందనే అనుకుంటారు.

ఇక ఆవిడ అడిగింది మిజ్. చివర జకారం పలకాలి, మిస్ అంటే వేరేది అయిపోతుంది. పెళ్లి సంగతి చెప్పనక్కరలేదు, అంతే దాని అర్థం. మగవాడికి మిస్టర్ ఎట్లాగో ఆడవాళ్లకు మిజ్ అట్లా. అవివాహిత, వివాహిత, విడాకులు తీసుకున్నావిడ, భర్త పోయినావిడ, ఎవరైనా వాడుకోవచ్చు. 1901లోనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రిక ఒకటి ఈ మాట ప్రతిపాదించింది. ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ 1961లో షీలా మైఖేల్స్ అనే ఆవిడ తన రూమ్మేట్‌కి వచ్చిన పత్రిక చిరునామా చీటీ మీద దీన్ని చూసి ముందు అచ్చుతప్పు అనుకుంది. తర్వాత, తండ్రికీ భర్తకీ చెందని మనిషికి సరిపోయే మాట ఇదే కదా అని ప్రచారానికి దిగింది. 1970ల మొదట్లో స్త్రీవాద రచయిత్రి గ్లోరియా స్టైనెమ్ బృందం తమ పత్రికకే ఆ పేరు పెట్టాక ఊళ్లన్నీ పాకింది. న్యూయార్క్ టైమ్స్ మాత్రం 1986 దాకా తన పేజీల్లోకి రానివ్వలేదు.

కాబట్టి ఆవిడ కోరింది వేసెయ్యి నాయనా. ఆవిడకు తెలిసే అడిగారు.

చీమకుర్తి రాయి | సోమవారం సాయంత్రం 6:48

జాగ్రత్త అన్నా, మధ్యలో గీత పెట్టొద్దు. నేను గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్లులు చూస్తాను. ఎం, గీత, ఎస్ అంటే మెసర్స్. మిస్టర్‌కి బహువచనం, ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫలానా అండ్ సన్స్, ఫలానా బ్రదర్స్ అనే కంపెనీ పేర్ల ముందు వాడేది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీల ముందు పాత ఇంగ్లీషు పద్ధతిలో వాడకూడదు, మన దగ్గర మాత్రం కిళ్లీ కొట్టుకి కూడా మెసర్సే.

మా లారీల లెక్క చూసే ఒకావిడకి ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్ల నుంచి ఎప్పుడు ఉత్తరం వచ్చినా పేరు ముందు ఎం గీత ఎస్ ఉంటుంది. ఆమె నవ్వుకుంటూ "నేనొక్కదాన్నే ఒక కంపెనీ" అంటుంది. టైప్ చేసేవాళ్లకు అలవాటైపోయింది, వేలు దానంతటదే గీత మీదకి పోతుంది. షీల్డు మీద పడితే చెక్కేసినాక తుడవలేం.

డీటీపీ కావలి | సోమవారం రాత్రి 8:15

బాబోయ్ మంచి టైములో చెప్పారు. మా కుర్రాడు పంపిన మొదటి ప్రూఫులో గీత ఉంది!

గూడూరు నిమ్మకాయ | సోమవారం రాత్రి 8:22

అది సరే, మన నెల్లూరులో ఇంటికొకడు అమెరికాలో ఎమ్మెస్. పేరు ముందు ఆ రెండక్షరాలు చూసి "టీచరమ్మ ఎప్పుడు పోయొచ్చింది అమెరికా, ఏ యూనివర్సిటీ" అని అడక్కపోతే అప్పుడడగండి.

మార్కాపురం పలక | సోమవారం రాత్రి 9:37

నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ అసలు గొడవ ఇంకోటి. మిస్టర్ చూసి ఆయనకు పెళ్లయిందో లేదో చెప్పగలరా? లేరు. ఇంగ్లీషు పద్ధతిలో మగపిల్లాడు మాస్టర్ నుంచి మిస్టర్‌కి మారేది వయసును బట్టి. ఆడపిల్ల మిస్ నుంచి మిసెస్‌కి మారేది పెళ్లిని బట్టి. ఇంటర్వ్యూకి పోతే రెజ్యూమె మీద పేరు చదవకముందే ఆ ఒక్క మాటతో ఇంటి సంగతి చెప్పేసినట్టే. నేను చేసే ఆఫీసులో "మిస్ అని ఉంది, మరి సంబంధాలు చూస్తున్నారా" అని మొదటి రోజే అడిగారు. సీటు చూపించకముందు!

ఇంగ్లీషు వాళ్లనే అనడం ఎందుకులెండి. మన పత్రికల్లో చి.ల.సౌ., శ్రీమతి, కుమారి ఉన్నాయి. పాత ఉత్తరాల్లో భర్త పోయినావిడ పేరు ముందు గం.భా. అని, గంగా భాగీరథీ సమానురాలు అని రాసేవారు. మా అమ్మమ్మ పేరు ముందు ఆ రెండక్షరాలు ఉన్న శుభలేఖ ఇంట్లో ఉంది. మగవాళ్లకు భార్య పోతే ఏ అక్షరం మారింది? అంతకుముందు శ్రీ, తర్వాతా శ్రీయే.

పెన్నా మాస్టారు | మంగళవారం ఉదయం 6:20

పలకమ్మా, బాగా పట్టుకున్నావు. ఇంగ్లీషులో కూడా ఇంతే ఉండేది. పాత పద్ధతిలో పెళ్లయినావిడ పేరు ముందు మిసెస్ పెట్టి, ఆ వెనక భర్త పూర్తి పేరు రాసేవాళ్లు. ఆవిడ సొంత పేరు ఎక్కడా ఉండదు. భర్త పోయినా అదే. విడాకులైతేనే సొంత పేరు బయటికొచ్చేది, మిసెస్ తర్వాత తన పేరు, ఆయన ఇంటిపేరు. పాతకాలం మర్యాద తెలిసినవాళ్లు కవరు చూసి విడాకుల సంగతి పసిగట్టేవాళ్లు.

వింబుల్డన్ వాళ్ల బోర్డు చూడండి. 1981లో గెలిచింది క్రిస్ ఎవర్ట్. గౌరవ ఫలకం మీద ఆమె పేరు భర్త ఇనీషియల్స్‌తో మిసెస్ జె.ఎం. లాయిడ్ అని రాశారు. టెన్నిస్ ఆడింది ఆమె, ఇనీషియల్స్ ఆయనవి! 2022లో గానీ ఆ బోర్డు మీద మిస్, మిసెస్ తీసెయ్యలేదు. జర్మన్లు 1970ల మొదట్లోనే సర్కారు కాగితాల్లో ఫ్రాయిలైన్, అంటే వాళ్ల మిస్, మానేశారు. ఫ్రాన్సు ప్రభుత్వం 2012లో ఫారాల నుంచి మదమాజెల్, అంటే ఫ్రెంచి మిస్, తీసేసింది.

ఒంగోలు వకీలు | మంగళవారం ఉదయం 11:50

కోర్టు నుంచి రాస్తున్నా, వాయిదా పడింది కాబట్టి తీరిక.

మా సీనియర్ గారి దగ్గర పాత దస్తావేజుల కట్టలున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల సర్కారు కాగితాల్లో తెల్లదొర అయితే మిస్టర్, లేదా పేరు చివర ఎస్క్వయర్. మనవాడైతే ముందు ఎం.ఆర్.ఆర్‌వై. అనే పొట్టి అక్షరాలు, వెనక గారు. తమిళులకైతే వెనక అవర్గళ్. ఆ ఎం.ఆర్.ఆర్‌వై. అంటే ఏదో డిగ్రీ అనుకునేవాణ్ణి, తీరా చూస్తే మన మహారాజ రాజశ్రీ. తెలుగు ఉత్తరాల్లో మ.రా.రా.శ్రీ అని రాసేదే ఇంగ్లీషు లిపిలో. ఒకే కాగితం, ఒకే ఆఫీసు, రెండు జాతులకు రెండు మర్యాదలు.

ఎస్క్వయర్‌కి ఒక నియమం ఉంది. అది పేరు చివర పెడితే ముందు మిస్టర్ పెట్టకూడదు. మనవాళ్లు మొన్నమొన్నటి దాకా రెండూ పెట్టేవాళ్లు, ఎందుకైనా మంచిదని. అమెరికాలో ఇప్పుడది లాయర్లు మాత్రమే పెట్టుకుంటున్నారు, ఆడ లాయర్లు కూడా.

జడ్జీలను మై లార్డ్ అననక్కరలేదని బార్ కౌన్సిల్ 2006లోనే తీర్మానించింది. పై కోర్టుల్లో యువర్ ఆనర్ లేదా ఆనరబుల్ కోర్ట్, కింది కోర్టుల్లో సర్ చాలు. అయినా హైకోర్టులో నోరు తిరిగే మాట లార్డ్‌షిప్పే. అలవాటు తీర్మానానికి లొంగదు.

ఇంకొకటి. రాజ్యాంగంలో 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, వాటిని పేరు ముందో వెనకో తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు బాలాజీ రాఘవన్ కేసులో చెప్పింది. కాబట్టి డీటీపీ తమ్ముడూ, ఎవరైనా పద్మశ్రీ ఫలానా అని ఫ్లెక్సీ వేయమంటే ఆలోచించు.

డీటీపీ కావలి | మంగళవారం మధ్యాహ్నం 12:04

వకీలు గారూ, మా దగ్గరికొచ్చే ఫ్లెక్సీల్లో పద్మశ్రీ ఏముంది, మహానేత, అభినవ దానకర్ణ, యువకిశోరం రోజూ వేస్తాం. వాటికేమైనా అధికరణం ఉందా?

ఒంగోలు వకీలు | మంగళవారం మధ్యాహ్నం 12:09

వాటికి మునిసిపాలిటీ వాళ్లు రావాలి.

దర్గామిట్ట డాక్టరమ్మ | మంగళవారం రాత్రి 10:26

డ్యూటీ అయ్యాక చూస్తున్నా. ఎవరూ డాక్టర్ సంగతి ఎత్తలేదే!

ఇంగ్లండులో సర్జన్లను డాక్టర్ అనరు, మిస్టర్ అంటారు. ఆడ సర్జన్ అయితే మిస్, మిసెస్, మిజ్, ఆమె ఇష్టం. కారణం చరిత్రలో ఉంది. ఫిజీషియన్లు యూనివర్సిటీలో చదివి డాక్టర్ పట్టా పుచ్చుకునేవాళ్లు. సర్జన్లు మంగళ్లతో కలిసి ఒకే సంఘంలో ఉండి, గురువు దగ్గర చేతిపని నేర్చుకునేవాళ్లు, పట్టా ఉండేది కాదు. 1540లో రాజు ఆ రెండు వృత్తులను ఒక సంఘంగా కలిపాడు. 1745లో విడిపోయారు. ఇప్పుడు అందరూ అదే ఎంబీబీఎస్ చదివినా, సర్జన్ పరీక్ష పాసైతే డాక్టర్ వదిలేసి మిస్టర్‌కి తిరిగి వెళ్లడం అక్కడ గర్వం. నాతో చదివిన ఒకాయన అక్కడ ఉద్యోగంలో చేరి బోర్డు మీద మిస్టర్ అని ఫొటో పంపితే వాళ్ల నాన్న గారు గాభరాపడి ఫోన్ చేశారు, "డిగ్రీ ఏమన్నా తీసేశారా అమ్మా" అని.

మన దగ్గర నా సమస్య వేరు. తెల్లకోటు, మెడలో స్టెత్, గది బయట బోర్డు, అన్నీ ఉన్నా "సిస్టర్, డాక్టరు గారు ఎప్పుడొస్తారు?" పక్కన నిలబడ్డ మేల్ నర్సుని "సార్" అంటారు. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు మాత్రం "అమ్మా" అంటారు. దానికి నాకేం బాధ లేదు, డాక్టర్ అన్నదాని కంటే అదే బాగుంటుంది.

కందుకూరు టు డాలస్ | బుధవారం ఉదయం 7:43

ఇక్కడ మంగళవారం రాత్రి. అందరికీ నమస్తే.

ఇంగ్లీషు పద్ధతిలో మిస్టర్ పక్కన రావాల్సింది ఇంటిపేరు లేదా పూర్తి పేరు. మిస్టర్ రమేష్ అనరు. మరి మనకు ఇంటిపేరు ముందుంటుంది, రెడ్డి, నాయుడు, చౌదరి చివరుంటుంది. మా టీములో నలుగురు మిస్టర్ రెడ్డిలం, ఒకరికొకరు చుట్టరికం లేదు. మేనేజరు "మిస్టర్ రెడ్డి" అని మెయిల్ పెడితే నలుగురం జవాబిస్తాం. మా అన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్, నాదాంట్లో రెడ్డి సర్‌నేమ్. ఒకే తల్లి కడుపున పుట్టినా మర్యాదగా పిలిస్తే ఇద్దరం రెండు కుటుంబాల వాళ్లం.

ఇంకా ఘోరం, పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో వేసేసి రెండోది ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అమెరికా వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. బ్యాంకు నుంచి "డియర్ ఎఫ్‌ఎన్‌యు" అని ఉత్తరాలొస్తాయి. డీటీపీ అన్నా, పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు దయచేసి రెండు గడులూ నింపించు, పిల్లలు పదేళ్ల తర్వాత నీకు దణ్ణం పెడతారు.

టెక్సాస్‌లో ఒక చమత్కారం. ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిచేటప్పుడు ముందు మిస్, మిస్టర్ తగిలిస్తారు. మా పాప స్నేహితులు నన్ను మిస్టర్ రమణ అంటారు, మా ఆవిడని మిస్ లక్ష్మి అంటారు. పెళ్లయి పదిహేనేళ్లయినా మిస్సే. అచ్చం మన రమణ గారు, లక్ష్మి గారు లాగా.

గూడూరు నిమ్మకాయ | బుధవారం ఉదయం 8:01

చూశారా, నేను మొదటే చెప్పా. టెక్సాసోళ్లు కూడా గారుకే వచ్చారు.

చీమకుర్తి రాయి | బుధవారం ఉదయం 9:30

సర్ సంగతి ఎవరన్నా చెప్పండి. మా మేనేజరు ఇటలీ బయ్యరుకి ఉత్తరంలో సర్, ఆ పక్కన పేరు రాశాడు. ఆయన నేను సర్ కాదని జవాబిచ్చాడు.

పెన్నా మాస్టారు | బుధవారం సాయంత్రం 5:15

పిలవడానికి సర్ ఒంటరిగా వాడితే ఎవరికైనా వాడొచ్చు. పేరు ముందు పెడితే అది రాజు ఇచ్చే నైట్‌హుడ్. అప్పుడు కూడా సొంత పేరుతోనే కలుస్తుంది, ఇంటిపేరుతో ఒక్కదానితోనే కలవదు. ధవళేశ్వరం కట్టిన దొరకు 1861లో నైట్‌హుడ్ వచ్చింది. ఆయన సర్ ఆర్థర్ కాటన్, లేదా సర్ ఆర్థర్. సర్ కాటన్ అనడం తప్పు. భార్య అయితే లేడీ కాటన్, అక్కడ ఇంటిపేరే. ఆడవాళ్లకు తమ సొంతంగా వస్తే డేమ్.

ఉత్తరాల్లో బ్రిటిష్ పద్ధతి: డియర్ సర్ అని మొదలుపెడితే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, డియర్ మిస్టర్ ఫలానా అని పేరు రాస్తే యువర్స్ సిన్సియర్లీ. మన రెస్పెక్టెడ్ సర్ అక్కడివాళ్లకు వింతగా ఉంటుంది కానీ తప్పేం లేదు. మిస్టర్ తర్వాత చుక్క అమెరికావాళ్లు పెడతారు, బ్రిటిష్‌వాళ్లు పెట్టరు. షీల్డు మీద ఏదో ఒకటి పాటించు నాయనా, ఒకచోట చుక్క, ఒకచోట లేకుండా చెయ్యొద్దు.

క్రికెట్ ఇష్టమున్నవాళ్లకు ఒకటి. ఇంగ్లండులో డబ్బు తీసుకోకుండా ఆడే దొరబాబులను జెంటిల్మెన్ అని, జీతానికి ఆడేవాళ్లను ప్లేయర్స్ అని విడదీసేవాళ్లు. స్కోరు కార్డులో దొరబాబుకు ఇనీషియల్స్ ముందు, జీతగాడికి ఇంటిపేరు ముందు. 1950లో లార్డ్స్ మైదానంలో టిట్మస్ అనే జీతగాడి పేరు ఎఫ్.జె. టిట్మస్ అని అచ్చయితే, మైకులో సవరణ చెప్పారు, అది టిట్మస్, ఎఫ్.జె. అని చదువుకోండి అని! 1960ల మొదట్లో గానీ ఆ తేడా పోలేదు. ఇంటిపేరు ముందు రాసుకునే మన లెక్కన తెలుగువాళ్లందరం జీతగాళ్లమే.

మార్కాపురం పలక | బుధవారం రాత్రి 8:44

ఎం-ఎక్స్ మిగిలిపోయింది. అది మిక్స్ అనో మక్స్ అనో పలుకుతారు. ఆడ, మగ ఏదీ చెప్పదలుచుకోనివాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకి ఎక్కింది. ఫారంలో అది కనిపిస్తే మీరు నొక్కకండి, వచ్చినవాళ్లను అడగండి. మనిషిని చూసి మీరే టిక్ పెట్టేస్తారు నెట్ సెంటర్లలో, అదే నాకు మంట. గట్టిగా అన్నాననుకోకండి అన్నా.

డీటీపీ కావలి | బుధవారం రాత్రి 9:10

లేదు చెల్లీ, నిజమే. రేపటి నుంచి అడిగే పెడతా. అయితే క్యూలో ఇరవై మంది ఉన్నప్పుడు "మీరు మిస్సా మిసెస్సా" అని అడిగితే కొందరు కొట్టేటట్టు చూస్తారు, అది కూడా చూడండి.

పెన్నా మాస్టారు | గురువారం ఉదయం 6:05

ఒక చిన్న ముచ్చట. మీ ఫారాల్లో జిల్లా దగ్గర ఎస్.పి.ఎస్.ఆర్. నెల్లూరు అని వస్తుంది చూడండి. 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయ్యింది కదా, ఆ మొదటి ఎస్ మర్యాదకు పెట్టిన శ్రీ. ప్రకాశం పంతులు గారి పేరు 1972లో పక్క జిల్లాకు పెట్టినప్పుడు మాత్రం పంతులు వదిలేసి ప్రకాశం అన్నారు. రెండు జిల్లాల్లోనూ ఏ కండక్టరూ ఈ లెక్క పట్టించుకోడు, నెల్లూరు, ఒంగోలు అనే అరుస్తాడు.

డీటీపీ కావలి | శుక్రవారం మధ్యాహ్నం 3:30

షీల్డు ఇచ్చేశాం. గీత లేకుండా, చుక్క లేకుండా, క్యాపిటల్ ఎం, చిన్న ఎస్. కమిటీ పెద్దాయన చూసి "టీచరమ్మ ఎమ్మెస్ చేసిందని మాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. నిమ్మకాయకి నేను ఒక టీ బాకీ.

టీచరమ్మ ఇంకో పని కూడా ఇచ్చారు. అన్న మనవడిని తీసుకుని మస్కట్ వెళ్తున్నారు. టికెట్లో పిల్లాడి పేరు చివర ఎం.ఎస్.టి.ఆర్. అని అతుక్కుని వచ్చింది. ఆవిడ పేరు చివర కూడా ఎం.ఎస్. కలిసిపోయి ఉంది. పాస్‌పోర్టులో అట్టా లేదు, ఎయిర్‌పోర్టులో ఆపుతారేమో అని టెన్షన్ పడుతున్నారు.

కందుకూరు టు డాలస్ | శుక్రవారం సాయంత్రం 6:02

ఆపరు. ఎయిర్‌లైన్ సిస్టమ్ బిరుదును పేరు వెనక ఖాళీ లేకుండా అతికిస్తుంది. నా టికెట్లో వెంకటరమణఎంఆర్ అని వస్తుంది. ఎం.ఎస్.టి.ఆర్. అంటే మాస్టర్, చిన్న మగపిల్లాడు అని. పాస్‌పోర్టులో బిరుదు ఉండదు, కౌంటర్లో వాళ్లకు తెలుసు. ఇంటిపేరు, సొంత పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోయిందో లేదో అదొక్కటి చూడండి. పిల్లాడికి పెద్దవాళ్ల టికెట్ కింద మిస్టర్ అని పడి ఉంటే మాత్రం ఇప్పుడే ఏజెంటుకి ఫోన్ చేసి మార్పించండి, ఛార్జీ తేడా రావచ్చు.

డీటీపీ కావలి | శుక్రవారం సాయంత్రం 6:20

చూశా, మాస్టరే ఉంది. స్పెల్లింగులు కూడా సరిపోయాయి. ప్రింట్ తీసి ఇచ్చేస్తున్నా. అందరికీ థ్యాంక్స్.